శ్రీ ప్రాణహాని గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రాణహాని గారి సముఖమునకు,

ఎరువుల కొట్టు నడుపుకునే ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా క్షేమమని తలుస్తాను. అసలు నా గొడవంతా ఆ మొదటి మాటతోనే. మేం క్షేమంగా ఉన్నామట, అంటే తమరి వల్ల ముప్పేమీ లేదట, అందుకని నాకు తుపాకీ లైసెన్స్ రాలేదు.

తుపాకీ మీద మోజు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, తోడల్లుడి వల్ల వచ్చింది. ఆయన నడుముకి .32 రివాల్వర్ ఉంటుంది. పెళ్ళిళ్ళలో బంతి మీద కూర్చునేటప్పుడు దాన్ని ఒకసారి పక్కకు సర్దుకుని మరీ కూర్చుంటాడు. అంతే, వడ్డించే కుర్రాడు ఆయన ఆకులో రెండు బూరెలు, నా ఆకులో ఒకటి వేసి వెళ్ళిపోతాడు. ఒకే ఇంటి అల్లుళ్ళం. ఆ రెండో బూరె కోసమే ఈ పాట్లన్నీ అని మీ దగ్గర దాచడం దేనికి?

సరే, దరఖాస్తు పెట్టాను. ఫారం ఏ-1. మా జిల్లాలో అయితే కలెక్టర్ గారికి, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనర్ గారికి వెళుతుంది. వయసు 21 నిండాలన్నారు, నాకు అది నిండి 26 ఏళ్ళు అయింది. కేసులు లేవు. తుపాకీని ఇంట్లో భద్రంగా తాళం వేసి ఉంచుతానని హామీ పత్రం రాసిచ్చాను. ఆస్తి తక్కువన్న ఒక్క కారణంతో లైసెన్స్ కాదనకూడదని 1959 నాటి ఆయుధ చట్టమే అంటోందని తెలిసి ధైర్యం కూడా తెచ్చుకున్నాను. అంతవరకు రేషన్ కార్డులో పేరు చేర్పించినంత సులువుగా సాగింది. అప్పుడొచ్చింది 'ఎందుకు కావాలి' అన్న గడి. ఆత్మరక్షణ అని రాశాను.

"ఎవరి నుంచి?" అన్నారు స్టేషన్‌లో.

తోడల్లుడి పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. మీరు మొదటిసారి గుర్తొచ్చింది అప్పుడే.

తర్వాత హెడ్ కానిస్టేబుల్ గారు మా వీధికి విచారణకు వచ్చారు. ఎదురింటి మామ్మగారు నాకు మేలు చేద్దామని, "ఆ అబ్బాయా? చీమక్కూడా హాని తలపెట్టడు నాయనా. అరువు పట్టుకెళ్ళిన వాళ్ళని కూడా గట్టిగా అడగడు" అని చెప్పింది. దాంతో నడవడికలో నూటికి నూరు, ప్రాణహానిలో గుండు సున్నా. పక్కింటాయన ఇంకో అడుగు ముందుకేసి, "ఈయన్ని చంపితే ఎవరికేం కలిసొస్తుందండీ?" అన్నాడట. నిజమే కావచ్చు. విచారణలో అనాల్సిన మాటా అది?

ఇక డాక్టర్ గారి సంగతి వినండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఫారం ఎస్-3 అని ఒకటుంది. ఒంట్లోనూ మనసులోనూ బాగున్నట్టు డాక్టర్ రాసివ్వాలి. అంటే స్టేషన్‌లో నన్ను రేపోమాపో ఎవరో చంపేస్తారని వణకాలి. అక్కడి నుంచి రెండు వీధులు నడిచి ఆసుపత్రికి వెళ్ళి, నిద్ర హాయిగా పడుతోందనాలి. నేను తికమకపడి స్టేషన్‌లో నిబ్బరంగా ఉన్నాను, ఆసుపత్రిలో వణికాను. బీపీ చూసి డాక్టర్ గారు, "ఎవరైనా బెదిరించారా?" అన్నారు. ఆ ప్రశ్న అడగాల్సిన చోట ఎవరూ అడగలేదు సార్ అన్నాను.

మీ దయ అడవి పందుల మీద ఉన్నంతగా కూడా మా మీద లేదు. మా మామగారి వేరుశనగ చేలో పందులు పడుతున్నాయి. పంట కాపాడుకోవడానికి గొట్టం మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకీ అయితే, ఆ అవసరం నిజమని తేలితే లైసెన్స్ ఇవ్వాలని ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. పందిని నిజంగా కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి వేరే తెచ్చుకోవాలనుకోండి, అది పంది అదృష్టం. కర్ణాటకలోని కొడగులో అయితే అక్కడి కొడవ జాతి వాళ్ళకి లైసెన్సే అక్కర్లేదు, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి వస్తున్న మినహాయింపు. పుట్టుక కూడా చూసి పుట్టాలి.

"పోనీ ఎయిర్‌గన్ కొనుక్కోండి, .177 బోరు, దెబ్బ శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు" అన్నారు ఎస్సై గారు, పాపం, మంచి మనిషి. ఎయిర్‌గన్‌కి బూరె వస్తుందా చెప్పండి.

పొరపాటున లైసెన్స్ వచ్చిందే అనుకోండి, మీరు కాస్త పద్ధతిగా నడుచుకోవాలి. పోలీసుల నివేదికకి 30 రోజులు, అది చేరాక నిర్ణయానికి 60 రోజులు, అవీ కాగితం మీది లెక్కలు. ఈలోగా తొందరపడి రాకండి. భద్రతా శిక్షణ సర్టిఫికెట్ తేవాలి, డీలర్ దగ్గర కొనాలి. 2014లో ఆడవాళ్ళ కోసమని కాన్పూర్ ఫ్యాక్టరీ నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చింది, అరకిలో బరువు, ధర లక్షా 22 వేల పైచిలుకు. కొనిస్తానని మా ఆవిడతో అంటే, అదే డబ్బుకి గాజులు చేయిస్తే దొంగలైనా వస్తారు, మీకు లైసెన్సయినా వస్తుంది అంది. ఇంట్లో వకీలుంటే ఇదే గతి.

ఎన్నికలప్పుడు మాత్రం అసలు రావొద్దు. 2024 మార్చి 16న కోడ్ వచ్చింది. మా తోడల్లుడు రివాల్వర్ తీసుకెళ్ళి స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. ఊళ్ళో తలలు పగిలేది ఆ రోజుల్లోనే కదా, మీకు చేతినిండా పని ఉండేదీ అప్పుడే. ఆయన మాత్రం ఫలితాలొచ్చేదాకా రసీదు జేబులో పెట్టుకుని, చీకటి పడకముందే గేటుకి తాళం వేసుకుని కూర్చున్నాడు. తుపాకీ లేని నేను రాత్రి పదింటిదాకా కొట్టు తీసే ఉంచాను. అయినా ప్రాణహాని ఆయనకే ఉందట. 2019లో ఆ చట్టానికి చేసిన సవరణలో లైసెన్స్ గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది కాబట్టి, ఆయనతో మీ చుట్టరికం మరో రెండేళ్ళు గట్టిపడింది కూడా. ఒకరికి మూడు ఆయుధాలుండొచ్చన్నది రెండుకి తగ్గించారు, అదొక్కటే నాకు ఊరట. పెళ్ళి ఊరేగింపులో సరదాకి గాల్లోకి పేల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే రెండేళ్ళ జైలు దాకా ఉందని కూడా ఆయన చెవిన వేశాను, తోడల్లుడి ధర్మంగా.

చివరికి నా దరఖాస్తు తిరస్కరించారు. కారణం రాతపూర్వకంగా ఇచ్చారు, మర్యాదగానే. 'దరఖాస్తుదారుకు ప్రాణహాని ఉన్నట్టు విచారణలో వెల్లడి కాలేదు.' అప్పీలుకి 30 రోజులు గడువు. అందులో 19 పోయాయి.

కాబట్టి అయ్యా, ఈ 11 రోజుల్లో వీలు చూసుకుని ఒక్కసారి దర్శనమివ్వండి. ప్రాణం తీయనక్కర్లేదు, హాని చాలు. అదీ కుదరకపోతే ఒక బెదిరింపు ఉత్తరం రాసి పడేయండి. నేనే రాసుకుందామంటే నా దస్తూరి అరువు ఖాతా పుస్తకాల పుణ్యమా అని ఊరందరికీ తెలుసు. వచ్చేటట్టయితే ముఖానికి గుడ్డ కట్టుకోకండి, ఎదురింటి మామ్మగారు గుర్తుపట్టాలి. నాకున్న సాక్షి ఆవిడే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆవిడ పడుకుంటుంది, ఆ వేళ తప్ప ఎప్పుడైనా సరే.

ఇట్లు,
తమ రాక కోసం ఎదురుచూసే
ఎరువుల కొట్టువాడు