ఆలివ్ నిల్వ లెక్క: పాత సరుకు చూడకుండా ధర తేలదు

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ సంతల్లో చింతపండు కొనే తెలుగు వ్యాపారులకు ఆలివ్ లెక్కలతో పనేముంది అనిపించొచ్చు. పని ఉంది. రెండు చెట్లదీ ఒకటే గుణం, ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు మొహం చాటేస్తాయి. ఇలాంటి పంటల్లో దిగుబడి ఒక్కటే చూసి బేరానికి దిగినవాళ్లు దెబ్బతింటారు.

స్పెయిన్‌నే చూడండి. 2021-22లో అక్కడ 15 లక్షల టన్నులకు దగ్గరగా ఆలివ్ నూనె తీశారు. పూత మీద ఎండ, ఆపై కరవు పడి 2022-23లో అది దాదాపు 6.65 లక్షలకు కూలింది. మరుసటి ఏడు 8.5 లక్షలకు కాస్త లేచింది. దిగుబడి పెరిగింది కాబట్టి ధర తగ్గాలి కదా? తగ్గలేదు. 2024 జనవరిలో కిలో 9 యూరోల దాకా పోయింది. మొదటి కరవు ఏడాదిని ట్యాంకుల్లోని పాత నూనె ఆదుకుంది. రెండో ఏడాదికి ఆ ట్యాంకులు అడుగంటాయి. 2024-25లో 14 లక్షల టన్నులు వచ్చాకే ధర సగానికి పైగా పడింది.

ఈ కాపు తేడా చెట్టులోనే ఉంది. ఆలివ్ పోయిన ఏటి రెమ్మ మీద పూస్తుంది. ఈ ఏడు కాయ బరువెక్కితే కొత్త రెమ్మ పొట్టిగా ఆగిపోతుంది, పెరుగుతున్న గింజలు వచ్చే ఏటి పూమొగ్గను అణిచేస్తాయి. కాయ త్వరగా కోసి, కొమ్మ కత్తిరిస్తే తేడా కొంత తగ్గుతుంది. పోదు.

నిల్వ మార్పు అంటే ఏడాది చివర ఉన్న సరుకులోంచి మొదట ఉన్నది తీసేయడమే. చిక్కంతా ప్లస్, మైనస్ గుర్తు దగ్గర. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పాత పట్టికల్లో నిల్వ తగ్గితే ప్లస్ వేసేవారు, గోదాము నుంచి వచ్చింది సరఫరాకు కలిసింది కాబట్టి. కొత్త పట్టికల్లో నిల్వ పెరిగితే ప్లస్. రెండింటినీ ఒకే గ్రాఫులో అతికిస్తే కరవు ఏడు కాస్తా పుష్కల ఏడుగా కనిపిస్తుంది. ఇక సంవత్సరం. నూనెకు అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30, ఊరబెట్టిన కాయకు సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31. మామూలు క్యాలెండర్‌లో పెడితే ఒక పంట రెండేళ్ల మధ్య చీలిపోతుంది. కిలో నూనెకు సుమారు 5 కిలోల కాయ పడుతుంది కాబట్టి పట్టిక కాయలో ఉందో నూనెలో ఉందో కూడా ముందే చూసుకోవాలి. ఊరబెట్టిన కాయను ఉప్పునీళ్లతో తూచారా, నీళ్లు వంపి తూచారా అన్నది ఇంకో తగువు.

టన్నులు సరిపోయినా సరుకు అదే అనుకోలేం. మేలురకం ఎక్స్‌ట్రా వర్జిన్‌కు ఆమ్లత 0.8 శాతం దాటకూడదు, గాలి తగిలి నూనె ఎంత పాడైందో చెప్పే పెరాక్సైడ్ విలువ 20 మించకూడదు. ట్యాంకులో గాలి తగిలిన పాత నూనె ఆ గీత దాటి కింది రకంలోకి జారుతుంది. పట్టికలో మాత్రం అంకె మారదు.

మన చింతపండుకైతే ఆ పట్టికా దిక్కులేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒడిశా వైపు కొన్న సరుకు సాలూరు, పార్వతీపురం వైపు దిగుతుంది. కొన్న చోట దిగుబడిగా, దాచిన చోట నిల్వగా రాస్తే సరే. రెండు చోట్లా నిల్వగా రాస్తే ఒకే బస్తా రెండుసార్లు లెక్కకొస్తుంది. దానికి తోడు తరుగు. పాత సరుకు 40 క్వింటాళ్లు, కొన్నది 300, అమ్మింది 310 అనుకోండి. పుస్తకంలో 30 మిగలాలి. కాటా మీద 18 తేలింది. ఆ 12 ఆరిపోయిన తేమ కావచ్చు, రాయని అమ్మకం కావచ్చు. పుస్తకం చూసి చెప్పలేం.

అందుకే కొత్త కాయ రాకముందే, ప్రతి ఏడూ జనవరి 31న, గోదాములో ఉన్నదాన్ని కాటా వేసి రాసుకోవాలి. పిక్క ఉన్నది వేరు, తీసింది వేరు. కాయ బరువులో గుజ్జు సుమారు 55 శాతం, పిక్క 34, మిగతాది పెంకూ నారా. పిక్క ఉన్నదీ, తీసిందీ కలిపి క్వింటాళ్లు రాస్తే ఏ పులుసుకూ చాలని లెక్క అది. నల్లబడ్డ బస్తాలకు విడిగా ఒక గడి పెట్టాలి. వానాకాలం చెమ్మకు రంగు పోయిన పండు కాటా మీద తూగుతుంది గానీ కొత్త పండు ధర పలకదు.