సవరణ: గల్ఫ్‌లో ఉద్యోగం మారే హక్కు గురించి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి జీవన స్థితిగతులపై ఇంతకుముందు ప్రచురించిన వ్యాసంలో, ‘యజమాని అనుమతి లేకుండానే ఇప్పుడు ఉద్యోగం మారవచ్చు’ అన్న వాక్యాన్ని గల్ఫ్ అంతటికీ కాక, ఖతార్‌కు మాత్రమే వర్తించేదిగా చదువుకోవాలని మనవి. ఉద్యోగం మారాలంటే పాత యజమాని నుంచి ‘అభ్యంతరం లేదు’ అని రాసిన నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలన్న నిబంధనను అక్కడ 2020లో తొలగించారు. 2021 మార్చి నుంచి ఇంటి పనివారితో సహా అందరికీ నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. యజమాని వసతి కల్పించకపోతే మరో 500, భోజనం కల్పించకపోతే మరో 300 రియాళ్లు ఇవ్వాలి.

సౌదీ అరేబియా సంగతి వేరు. 2021 మార్చిలో అక్కడ వచ్చిన సంస్కరణ ప్రైవేటు సంస్థల కార్మికులకు, అదీ సాధారణంగా ఏడాది పని పూర్తయ్యాకే, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. ఇంటి పనివారు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపరులు, తోటమాలులు దాని పరిధిలోకి రాలేదు. అందువల్ల దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో బయలుదేరే మనిషికి ఏజెంటు నోటిమాట కన్నా వీసాలో రాసి ఉన్న వృత్తి ఏమిటన్నదే ముఖ్యం. పైగా, వీసా కోసం వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తిన ఉన్నంతకాలం, చట్టం ఇచ్చిన హక్కును కూడా వాడుకోవడానికి చాలామంది వెనుకాడుతారన్న విషయాన్ని ఆ వ్యాసానికి చేర్చి చదవాలి.