ఖారా బిస్కెట్టే నివాస ధ్రువీకరణ పత్రం

మనిషి కొత్త ఊళ్ళో స్థిరపడ్డాడో లేదో తేల్చే పద్ధతి మన దేశంలో ఇంకా రాలేదు. ఆధార్‌లో అడ్రస్ మారుస్తాం, గ్యాస్ కనెక్షన్ మారుస్తాం, ఓటు మాత్రం మార్చం. ఓటు సొంతూళ్ళో ఉంటే ఐదేళ్ళకోసారైనా లీవు పెట్టడానికి గట్టి కారణం దొరుకుతుందని మన లెక్క. బెంగళూరులో ఉన్న తెలుగువాడిని ఎక్కడుంటున్నారని అడగండి, మారతహళ్ళి అంటాడు. మీదే ఊరని అడగండి, తెనాలి అంటాడు. పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే ఇంజనీరింగ్‌లో చేరినా ఈ రెండో జవాబు మారదు. ఇలాంటివాళ్ళని ఏ కాలమ్‌లో రాయాలో తెలియక జనాభా లెక్కలవాళ్ళు పడే టెన్షన్ ఎవరికీ పట్టదు.

అందుకని ప్రజాప్రయోజనం దృష్ట్యా ఒక ప్రతిపాదన చేస్తున్నాను. బెంగళూరు వరకూ ఇకమీదట ఖారా బిస్కెట్‌ను నివాస ధ్రువీకరణ పత్రంగా గుర్తించాలి. కొన్నది చెల్లదు. ఇంట్లో సొంతంగా చేసి, ప్లేట్లో పెట్టి పక్కింటి కన్నడ ఆంటీకి ఇచ్చి, ఆవిడ ఒకటి తిని రెండోది తనంతట తానే తీసుకుంటే అప్పుడు ఆ మనిషి ఈ ఊరివాడు. అప్పటిదాకా ఎన్నేళ్ళున్నా వెయిటింగ్ లిస్టే.

తెలియనివారి కోసం చెప్పాలి. ఖారా బిస్కెట్ అంటే మైదా, వెన్న బిస్కెట్లో పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు, ఇంగువ కలిపినది. పంచదార కొంచెం ఉంటుంది, కానీ ఉన్నట్టు బయటపడదు. చూడ్డానికి టీలో ముంచుకునే మామూలు బిస్కెట్టే. పూర్తిగా నమిలాక నాలుక చివర చిన్న మంట మొదలవుతుంది, దాన్ని ఆర్పడానికి ఇంకోటి నోట్లో వేసుకోవాలి. ఈ ఊళ్ళో ఏ సందు మలుపులో చూసినా ఒక అయ్యంగార్ బేకరీ ఉంటుంది, ఆ బేకరీలో ఈ బిస్కెట్ ఉంటుంది.

ఇక నగరాన్ని ఆస్వాదించడానికి ప్రస్తుతం అమల్లో ఉన్న పద్ధతులు చూద్దాం. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు నంది హిల్స్‌కి వెళ్తారు. సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున మూడింటికి లేస్తారు, దాదాపు 60 కిలోమీటర్లు పోతారు, గేటు ముందు బారులు తీరిన కార్ల వెనక ఎర్ర లైట్లు చూస్తారు. అదే సూర్యోదయం అనుకుని ఫొటో తీసుకుని తృప్తిగా తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలుసు. తర్వాత ఇందిరానగర్‌లో మైక్రోబ్రూవరీ. అక్కడ పాట హోరులో ఎదుటివాడు చెప్పేది వినపడదు కాబట్టి స్నేహాలు చెడవు. ఆ తర్వాత ఇక ఎక్కడికీ వెళ్ళరు. ట్రాఫిక్‌ని తిట్టుకోవడమే వినోదంగా కుదురుకుంటుంది. పైసా ఖర్చులేని వినోదం కాబట్టి నేను తప్పుపట్టను. కానీ ట్రాఫిక్‌ని తిడితే ఊరివాళ్ళమైపోతాం అనుకోవడం మాత్రం భ్రమ. ఎయిర్‌పోర్టులో దిగిన అరగంటకే ఆ పని ఎవరైనా చేయగలరు.

ట్రాఫిక్ ప్రస్తావన వచ్చింది గనుక నా రెండో ప్రతిపాదన కూడా చెప్పేస్తాను. టామ్‌టామ్ అనే సంస్థ 2022కి లెక్కగట్టి, బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 29 నిమిషాలు పడుతోందనీ, నత్తనడకలో లండన్ తర్వాత ప్రపంచంలో రెండో స్థానం మనదేననీ ప్రకటించింది. ఖారా బిస్కెట్ల ట్రే 170 డిగ్రీల దగ్గర 18 నిమిషాల్లో కాలుతుంది. అంటే ఒక ట్రేకి ఆరు కిలోమీటర్లు. ఇక నుంచి ఈ ఊళ్ళో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా ట్రేలలో చెప్పాలి. కోరమంగళ నుంచి ఫ్రెండ్ పిలిచాడా, రెండు ట్రేలు. మెజెస్టిక్‌కి వెళ్ళి బస్సెక్కాలా, నాలుగు. వైట్‌ఫీల్డ్ నుంచి ఎయిర్‌పోర్టుకంటారా, ఆ టైములో బేకరీ పెట్టి లాభాలు కూడా చూడొచ్చు. ఇలా లెక్కేసుకోగానే శనివారం సాయంత్రం ఏం చేయాలన్న ప్రశ్న దానంతటదే తేలిపోతుంది. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక సిల్క్‌బోర్డ్ వైపు ట్రేలు కొంచెం తగ్గిన మాట నిజమే. పైన రైల్లో కూర్చుని కింద సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళని చూసే సౌకర్యం కూడా వచ్చింది. అయినా ప్రతిపాదన ఉపసంహరించుకోను.

అమలులో మొదటి అడ్డంకి ప్లగ్ పాయింట్. బెంగళూరులో ఇల్లు అద్దెకు కావాలంటే పది నెలల అద్దె అడ్వాన్సుగా చేతిలో పెట్టాలన్నది పాత ఆనవాయితీ. రెండు నెలలది చాలని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెప్పింది. నమూనా కదా, నమూనాగానే ఉంది. అంత కట్టి దిగిన ఇంట్లో వంటగది గట్టు మీద మిక్సీకి సరిపోయే పాయింట్లే ఉంటాయి. 1500 వాట్లు లాగే ఓవెన్‌కి 16 ఆంపియర్ల పాయింట్ కావాలి. అది యుటిలిటీలో, అంటే వంటగది వెనక బట్టలుతికే చోట, వాషింగ్ మెషిన్ వెనక, బూజు పట్టిన మూలన ఒక్కటంటే ఒక్కటి ఉంటుంది. అందుచేత మా ఇంట్లో ఆదివారం నాడు బట్టలైనా ఉతకాలి, బిస్కెట్లయినా కాల్చాలి. సోమవారం ఆఫీసులో నలిగిన చొక్కాలు కనబడితే మేనేజర్లు అపార్థం చేసుకోకూడదు. ఆ చొక్కా వేసుకున్నవాడు ఊళ్ళో స్థిరపడే ప్రయత్నంలో ఉన్నాడని గ్రహించాలి.

కరెంటు విషయంలో ప్రభుత్వం ముందే ఆలోచించింది. 2023లో వచ్చిన గృహజ్యోతి పథకంలో, పాత వాడకాన్ని బట్టి పరిమితి పెట్టి, నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమన్నారు. 200 దాటితే మొత్తం బిల్లు మనదే. ఓవెన్ గంటసేపు నడిస్తే ఒకటిన్నర యూనిట్, థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆగుతుంది గనుక అంత కూడా కాదు. ఎన్నికల్లో ఇచ్చిన ఐదు గ్యారంటీల్లో బిస్కెట్ పేరు ఎక్కడా లేకపోయినా దాని స్ఫూర్తి కనబడుతూనే ఉంది. అయితే నెలాఖరులో నూట తొంభైల్లో ఉన్న మీటర్ ముందు నిలబడి, ఇంకో ట్రే పెట్టాలా వద్దా అని భార్యాభర్తలు గుసగుసలాడుకునే సన్నివేశాన్ని పథకం రూపొందించినవారు ఊహించి ఉండరు.

అసలు ఈ ఊరు బిస్కెట్ల కోసమే ఇంత ఎత్తున ఉందని నా అనుమానం. బిస్కెట్ పిండికి వెన్న కరగకూడదు, గడ్డగానూ ఉండకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనెలా అంటకూడదు. విజయవాడలో మే నెలలో ఈ స్థితి ఫ్రిజ్ తలుపుకీ స్టవ్ గట్టుకీ మధ్య ఎక్కడో దారిలో వచ్చి పోతుంది, మనం పట్టుకోలేం. బెంగళూరులో వెన్న గట్టు మీద పెట్టి, కెమెరా ఆఫ్ చేసి, ఒక స్టేటస్ మీటింగ్ పూర్తిగా విని వచ్చినా అది ఇంకా అలాగే ఉంటుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నందుకు దక్కిన అసలు సౌకర్యం ఇది. ఐటీ కంపెనీలు ఇది చూసే ఇక్కడికి వచ్చాయా అన్నది ఎవరైనా పరిశోధించాలి.

పద్ధతి కూడా రికార్డులో ఉండటం మంచిది. పావుకిలో మైదాకి 120 గ్రాముల వెన్న, రెండు చెంచాల పంచదార పొడి, ఒక చెంచా ఉప్పు, చిటికెడు సోడా, చిటికెడు ఇంగువ. మిర్చి మిక్సీలో వేస్తే నీరొదిలి పిండి జారిపోతుంది, కత్తితోనే సన్నగా తరగాలి. కొత్తిమీర కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు తరగాలి. కరివేపాకు ఈనె తీసేయాలి, లేకపోతే కాలాక అది పళ్ళ సందుల్లో పుల్లలా గుచ్చుకుంటుంది. తడికి రెండు మూడు చెంచాల పెరుగు, అంతే. చపాతీ పిండిలా మర్దించారా, బిస్కెట్ కాదు, పెంకు వస్తుంది. ముద్దగా కూడగానే ఆపాలి, మందంగా వత్తాలి, ఫోర్కుతో గుచ్చాలి. ఆ చిల్లుల్లోంచి ఆవిరి పోకపోతే బిస్కెట్ పూరీ అవుదామని ప్రయత్నిస్తుంది. ఓవెన్ నుంచి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి. ఇక్కడే కొత్తవాళ్ళు కంగారుపడి మళ్ళీ లోపల పెట్టి మాడుస్తారు. పదిహేను నిమిషాలు ట్రేలోనే వదిలేస్తే అవే కరకరలాడతాయి. ఈ ఊళ్ళో మనుషులూ అంతే అని రాయబోయి ఆగాను. కాలమిస్టులకి ఈ జబ్బు ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. వెన్నలో ఇంగువ, కరివేపాకు కాలే వాసన యుటిలిటీ కిటికీలోంచి డక్టులోకి దిగి, అక్కణ్ణుంచి అన్ని అంతస్తులకీ సమానంగా పంపిణీ అవుతుంది. కావేరి నీళ్ళు కూడా ఇంత న్యాయంగా అందవు. పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మేలుకుంటుంది. ఆ గ్రూపులో అప్పటిదాకా పార్కింగ్, ట్యాంకర్, కుక్క తప్ప నాలుగో విషయం ఉండదు. ముందు ఎవరో ఏదో కాలుతున్న వాసన అంటారు. లిఫ్ట్ మోటారేమో చూడమని వాచ్‌మన్‌ని పంపుతారు. అతను మా గుమ్మం ముందు ఆగి, గాలి పీల్చి, గ్రూపులో ఒక్క ముక్క వాయిస్ మెసేజ్ పెడతాడు: “బిస్కెట్ సార్.” ఆ తర్వాత కాసేపు గ్రూపంతా నిశ్శబ్దం. ఇంకాసేపటికి తలుపు చప్పుడు. ఇన్నాళ్ళూ మనకు ఫ్లాట్ నంబర్‌గా మాత్రమే తెలిసిన మనిషి పంచదార అప్పు అడగడానికి వస్తాడు. ఆయన ఇంట్లో అందరికీ షుగర్ అని అందరికీ తెలుసు.

పక్కింటి ఆంటీ మాత్రం అప్పుడే రారు. బిస్కెట్లు ఆరాక వస్తారు. ఒకటి విరిచి, విరిగిన అంచు వెలుతురులో చూసి, సగం తిని, “చెన్నాగిదె” అంటారు, బాగుందని. మనం పొంగిపోయేలోపు “ఉప్పు స్వల్ప జాస్తి” అని తోక తగిలిస్తారు. మర్యాదకి చెప్పిందేది, మనసులోంచి వచ్చిందేది అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆవిడ చెయ్యి మళ్ళీ ప్లేటు వైపు వెళ్ళిందా లేదా అన్నదే లెక్క.

ఈ విధానానికి గట్టి వ్యతిరేకత మా ఇంట్లోంచే ఉంది. అమ్మ ఫోన్‌లో అడిగింది.

“అక్కడ బిస్కెట్లు దొరకవట్రా?”

“దొరుకుతాయమ్మా, కిందే బేకరీ ఉంది.”

“బాగుండవా?”

“నేను చేసిన వాటికన్నా బాగుంటాయి.”

“మరెందుకురా నీకీ తిప్పలు? అంత కారం తినాలనుంటే కారప్పూస పంపిస్తానుగా.”

దీనికి ఆర్థికశాస్త్రంలో జవాబు లేదు. కిందకెళ్ళి పావుకిలో పొట్లం కట్టించుకుంటే అయిపోయే పనికి ఓవెన్ కొని, ట్రేలు కొని, వెన్న కొని, ఆదివారం ఖర్చుపెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే. కానీ అమ్మకి నేను గుర్తుచేసింది ఒకటుంది. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆవిడే మైదా, పంచదార, డాల్డా తూకమేసి బేకరీకి పంపేది. పిండిలో బేకరీవాడు నొక్కేస్తాడేమోనని నన్ను కాపలా కూర్చోబెట్టేది. నేను డబ్బా నిండా వేడి బిస్కెట్లు నెత్తిన పెట్టుకుని వచ్చేవాణ్ణి. అప్పుడూ ఆ షాపులో రెడీమేడ్ బిస్కెట్లు సీసాల నిండా ఉండేవి. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “వాడు నిజంగానే నొక్కేశాడురా” అని ఫోన్ పెట్టేసింది.

పన్నుల కోణం కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 21 వరకు బిస్కెట్ మీద జీఎస్టీ 18 శాతం, ప్యాకెట్లో అమ్మే కారప్పూస లాంటి వాటి మీద 12 శాతం. మరి పచ్చిమిర్చి వేసిన బిస్కెట్ ఎటు పడాలి? ఆకారం చూడాలా, నాలుక చూడాలా? నిపుణులు తేల్చేలోపే రెండింటినీ 5 శాతానికి దించేసి ఒక అద్భుతమైన కోర్టు కేసు మనకు దక్కకుండా చేశారు.

ఇక ఈ బిస్కెట్ మా బెంగళూరు సొత్తు, బయటివాళ్ళు దాని జోలికి రాకూడదు అనే స్థానికులకు ఒక మనవి. ఈ ఊళ్ళో మొదటి అయ్యంగార్ బేకరీగా చెప్పుకునేది 1898లో చిక్కపేటలో పెట్టింది. పెట్టినవారు హాసన్ జిల్లా నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారు. తర్వాత ఆ జిల్లా నుంచే బంధువులు, బంధువుల బంధువులు ఒకరి వెనక ఒకరు వచ్చి వీధికొక బేకరీ తెరిచారు. గుడ్డు తగలనివ్వని ఇంటివాళ్ళు తెల్లదొరల ఓవెన్‌లోకి తమ వంటింటి పోపు సామాను పట్టుకుని దూరారు. ఆ పచ్చిమిర్చి కూడా పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చిందే. లెక్క తీస్తే ఈ బిస్కెట్లో అచ్చంగా బెంగళూరుది అనదగ్గది చల్లటి వాతావరణం ఒక్కటే. అది కూడా ఈ మధ్య మాట వినడం లేదు. కాబట్టి హాసన్ నుంచి వచ్చినవారికి దొరికిన గుర్తింపు తెనాలి నుంచి వచ్చినవాడికి ఎందుకు దొరక్కూడదన్నదే నా వాదన. 1898 నుంచి లైనులో నిలబడాలంటే నిలబడతాం, ఈ ఊళ్ళో అది మాకు అలవాటే.

ప్రతిపాదన ప్రభుత్వానికి పంపేముందు కింది స్థాయిలో ఆమోదం పొందాలని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ముందు పెట్టాను. వచ్చే ఆదివారం మీటింగ్ నోటీసులో ట్యాంకర్ బకాయిలు, బేస్‌మెంట్ లీకేజీ తర్వాత “బిస్కెట్ విషయం” అని చేర్చారు. యుటిలిటీలో ఓవెన్ నడపడం వాణిజ్య కార్యకలాపం కిందికి వస్తుందా అని సెక్రటరీగారు అభ్యంతరం లేవనెత్తారట. ఇంతలో రెండో అంతస్తు అంకుల్ మైదా, వెన్న సంచిలో వేసుకుని వచ్చి, కాల్చిపెడితే కూలి ఎంతని అడిగి వెళ్ళారు కాబట్టి ఆ అభ్యంతరం బలపడింది. ప్రెసిడెంట్‌గారికి కారం పడదని తెలిసింది. ఆయన వాటా పిండిలో మిర్చి తగ్గించి విడిగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. దీన్ని లంచం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, మినిట్స్‌లో రాయకపోతే చాలు.