కొలువుకి కిట్ ఎందుకండీ?

సంక్రాంతి బొమ్మల కొలువు పిల్లల చేత పెట్టించమని మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ తీరా సామాన్ల దగ్గరికొచ్చేసరికి థర్మకోల్ షీట్లు, గ్లిట్టర్, ఆన్‌లైన్ కిట్ కొనమన్నారు! విశాఖ వాళ్లకి రాస్తూ ఏటికొప్పాక లక్క బొమ్మల ఊసే లేకపోవడం ఏమిటి?

ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిందిగానీ, ఆ ఊరు మనకి పక్కనే. అక్కడ అంకుడు చెట్టు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి తీసే రంగులు వాడతారు. కొనేటప్పుడు సహజ రంగులవేనా అని మాత్రం అడగండి. ఈ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీదా ఇవే బొమ్మలు.

మేం ఏటా ఒకటో రెండో బొమ్మలు కొంటాం. మెట్లకి అట్టపెట్టెలు, పైన అమ్మ పాత పట్టుచీర. కొలువులో పొలం కోసం పళ్లెంలో మట్టి పోసి వారం ముందే ఆవాలు, మెంతులు చల్లుతాం. పోయినేడు పిల్లలు పురికొస మీద అగ్గిపెట్టె వేలాడదీసి కైలాసగిరి రోప్‌వే అన్నారు. అది సగం దారిలో ఆగిపోయేది, వచ్చిన పేరంటాళ్లంతా దాన్నే తోశారు.

గొబ్బెమ్మలకి ప్లాస్టిక్ బంతిపూలు పెట్టమని మీరన్నది మాత్రం అస్సలు ఒప్పుకోను. పండగ ముందు విశాఖ పూర్ణా మార్కెట్‌కి వెళ్లి చూడండి, బంతిపూలు రాశులు పోసి అమ్ముతారు.