ఎల్‌కేజీ ప్రాజెక్టు గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ ఎల్‌కేజీ ప్రాజెక్టు వర్కు గారికి,

నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. మా భోజనాల బల్లకు అంటుకున్న ఫెవికాల్‌ను, సోఫా కింద దొర్లుతున్న థర్మాకోల్ పూసలను చూస్తే తమరు మాకంటే క్షేమంగా ఉన్నారని తెలుస్తూనే ఉంది.

పిల్లల చదువులో తల్లిదండ్రుల భాగస్వామ్యాన్ని పెంచడానికే తమరు మా ఇళ్లకు వేంచేశారని బడివారు మొదటి సమావేశంలోనే సెలవిచ్చారు. ఆ భాగస్వామ్యం ఎంతగా పెరిగిందంటే, అందులో పిల్లల వాటా పూర్తిగా హరించుకుపోయింది. 'మనకు సాయపడేవారు' అనే పాఠానికి పోస్టుమ్యాన్ బొమ్మ చేసి తెమ్మని మొన్న వాట్సాప్‌లో ఆజ్ఞ వచ్చింది. దుకాణదారు షట్టరు సగం దించేసిన వేళ నేను ఖాకీ రంగు చార్టు కోసం పరుగెత్తాను. టోపీ అంచు వంకర పోయిందని మా ఆవిడ దాన్ని మళ్లీ కత్తిరించింది. ఆ బొమ్మను తయారు చేసినట్టు పేరు పడబోయే నాలుగేళ్ల కళాకారుడు అప్పటికే గుర్రు పెడుతున్నాడు. మర్నాడు స్కూటరు మీద వాళ్లమ్మ ఒళ్లో బొమ్మ, ముందు నిలబడిన వాడికి దారి పొడవునా ఒకటే హెచ్చరిక: "ముట్టుకోకురా, ఊడిపోతుంది!" బడి గేటు దగ్గర వాడు అడిగాడు, పోస్టుమ్యాన్ అంటే ఎవరని.

మా వీధి చివరే పోస్టాఫీసు ఉంది. వాణ్ణి అక్కడికి నడిపించి, వాళ్ల నానమ్మకు యాభై పైసల కార్డు మీద వాడి చేత నాలుగు పిచ్చిగీతలు గీయించి, ఎర్ర డబ్బాలో వేయిస్తే పాఠం అక్కడే పూర్తయ్యేది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటలు, కబుర్లు, కథలు, బొమ్మల ద్వారానే నేర్పమంటోంది. వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ లెక్కపెట్టే పిల్లవాడికి అంకెలు రాకుండా ఎక్కడికి పోతాయి? అయితే చిక్కుడుకాయలను బడి వార్షికోత్సవంలో ప్రదర్శనకు పెట్టలేరు కదా, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

తమ చాకచక్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్కు ఇవ్వరాదని 2018లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది; రెండో తరగతి వరకు అసలు వద్దని, సంచుల బరువు తగ్గించడానికి కేంద్రం తెచ్చిన 2020 నాటి బడిసంచి విధానం చెప్పింది. పాపం, హోంవర్కు చెడ్డపేరు మూటగట్టుకుంటే, తమరు 'యాక్టివిటీ'గా వేషం మార్చి దర్జాగా తిరుగుతున్నారు. రాత్రి డ్యూటీలు చేసేవారు, చదువు రానివారు తమరిని దుకాణంలో రెడీమేడ్‌గా కొనుక్కుంటున్నారు. అదీ కొనలేని తల్లికి పేరెంట్స్ మీటింగులో, పిల్ల ఎదుటే, "మీరు శ్రద్ధ పెట్టడం లేదండీ" అన్న ప్రశంస దక్కుతోంది.

భాగస్వామ్యం మాట వచ్చింది కనుక మరొక్క సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. బడి పనితీరును, వచ్చిన గ్రాంట్ల ఖర్చును గమనించడం వారి బాధ్యత. ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులకు మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. ఆ కమిటీలు అన్నిచోట్లా ఘనంగా నడుస్తున్నాయని నేను బుకాయించను గానీ, సర్కారు బడిలో పిల్లను చేర్చిన కూలీ తల్లికి లెక్క అడిగే హక్కు కాగితం మీదైనా ఉంది. వేలకు వేలు ఫీజు కడుతున్న మాకు కత్తెర పట్టుకునే హక్కు ఉంది. ఫీజు ఎందుకు పెంచారని అడిగితే అది యాజమాన్యం వ్యవహారమంటారు. తరగతికి ఎంతమంది టీచర్లని అడిగితే మమ్మల్ని నమ్మండి అంటారు. చార్టు అంచుకు మెరుపు కాగితం అంటించలేదేమని మాత్రం మమ్మల్నే నిలదీస్తారు.

వచ్చే వారం 'నీటి వనరులు' అట, జలపాతంలో నీళ్లు నిజంగా పారాలట. అక్వేరియం మోటారు కోసం వాకబు చేస్తున్నాను. ప్రతిఫలంగా నేను కోరేది ఒక్కటే: ఈసారి పేరు చీటీ మీద నా పేరు రాసుకోనివ్వండి, స్టార్ స్టిక్కరు మా ఆవిడకు ఇప్పించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎల్‌కేజీ 'బి' సెక్షన్ రెండోసారి చదువుతున్న ఒక తండ్రి