పాత క్యాలెండరు అట్ట గారికి, ఉభయకుశలోపరి

మ.రా.రా.శ్రీ నిరుటి ఆగస్టు నెల క్యాలెండరు కాగితం, ప్రస్తుతం పుస్తకం అట్ట గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు పెద్దమ్మగారింట్లో, ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనో దేవుడి గూట్లోనో, క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా అభినందనలు. మీకు అప్పగించిన పని ఒక్కటే, లోపల ఏముందో ఎవరికీ తెలియకుండా చూడడం. ఆ పని మీరెంత దీక్షగా చేశారంటే, మీ మీదున్న వరలక్ష్మీదేవిని చూసి పెద్దమ్మగారు పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నారు. "వ్రతకథలా అమ్మా?" అన్నారు. "కథలే పెద్దమ్మా" అన్న జవాబులో అబద్ధం లేదు కాబట్టి తాంబూలంతో, జాకెట్టు ముక్కతో పాటు మీరూ బ్యాగులోకి వెళ్ళిపోయారు. రేపు శుక్రవారం వాళ్ళ అపార్ట్‌మెంట్లో పేరంటం. కథ చదివేది ఆవిడే, ఆవిడది మైకు అక్కర్లేని గొంతు. 118వ పేజీలో ఒకరినొకరు ఇష్టపడిన ఇద్దరమ్మాయిలు ఒకే దుప్పట్లోకి చేరతారని మీకు తెలుసు, నాకు తెలుసు. శనగలు కట్టించుకోడానికి వచ్చిన వాళ్ళకి తెలియదు.

బొమ్మ లోపలికి, తెల్లవైపు బయటికి పెట్టి ఉండాల్సిందని మీరనొచ్చు. పెట్టి చూశాం. ఇంట్లో తెల్లకాగితం కనబడితే ఎవరూ ఊరుకోరు. మొదటి రోజు పాలప్యాకెట్ల లెక్క, రెండో రోజు ప్లంబరు నంబరు, మూడో రోజుకల్లా "కందిపప్పు 2 కిలోలు, చింతపండు అరకిలో". ఆ చీటీ పట్టుకుని పుస్తకంతో సహా కిరాణా కొట్టుకి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. అంతకన్నా ప్రమాదం ఆ ప్రశ్న. పేరు లేని పుస్తకం చూస్తే ఏ మనిషైనా "ఏం పుస్తకం?" అని అడిగి తీరతాడు. పేరున్న పుస్తకాన్ని ఎవరూ అడగరు, మన ఇళ్ళలో.

మీ అన్నగారు బ్రౌన్‌పేపరు సంగతీ తెలుసు. జూన్‌లో బడి పుస్తకాలకి చుట్ట తెస్తే మిగిలిన రెండు షీట్లు ఇటు వస్తాయి, నిజమే. కానీ బ్రౌన్‌పేపరు కనిపిస్తే పిల్లలు లేబుల్ అంటించకుండా ఉండలేరు. పేరు, తరగతి, సెక్షన్ వరకు ఫర్వాలేదు. సబ్జెక్టు దగ్గర ఏం రాయమంటారు? ఇక మీ తమ్ముడు న్యూస్‌పేపరు వారం తిరక్కుండానే మూలల్లో చిరుగుతాడు, సిరా వేళ్ళకి అంటిస్తాడు. పైగా అటొకరు ఇటొకరు నిలబడి వార్త చదివేస్తుంటారు.

అందుకే మిమ్మల్ని ఎంచుకోవడం. మీకు చేసిన మర్యాద గుర్తుందా? 15×20 అంగుళాల గోడ క్యాలెండరు కాగితం, డెమ్మీ సైజు పుస్తకానికి కత్తిరించుకోగా ఇంకా మిగిలేది. పుస్తకం ఎత్తు ఎనిమిదిన్నర, పైనా కిందా ఒకటిన్నర చొప్పున మడత. రెండు అట్టలూ వెన్నూ కలిసి పన్నెండు అంగుళాల లోపు, అటూ ఇటూ లోపలికి రెండున్నర చొప్పున. అంతకు తగ్గితే ఆర్ట్‌పేపరు నున్నదనానికి జారి ఊడిపోతారని తెలిసే ఇచ్చాం. పుస్తకం మూసి పెట్టే మడతలు వేశాం. తెరిచి పెట్టి వేస్తే మూసేటప్పుడు వెన్ను దగ్గర బిగుసుకుని చిరుగుతారు కదా! పుస్తకానికి టేపు తగలనివ్వలేదు, ఏడాదికి ఆ జిగురు పసుపు మరక అవుతుందని. ఇంత చేస్తే, ఆఖరికి బొమ్మ బయటికి పెట్టినందుకు నా నెత్తిన ఈ పేరంటం తెచ్చారు.

ఫోన్లో చదువుకోవచ్చుగా అంటారు జనం. ఫోన్ ఎవరిది? గ్యాస్ ఓటీపీది, పిల్లాడి గేమ్‌ది, ఫ్యామిలీ గ్రూపులో గుడ్‌మార్నింగులది. ఈ-రీడర్ అయితే సెట్టింగుల్లోకి వెళ్ళి ముఖచిత్రం చూపించడం ఆపెయ్యకపోతే, తాళం పడిన తెర మీద ఇద్దరు మగాళ్ళు చేతులు పట్టుకుని టీపాయ్ మీద పగలంతా పడుంటారు. ఆడియో సంగతి అడగొద్దు. చెవిలో పెట్టుకున్నామనే అనుకుంటాం, బ్లూటూత్ మాత్రం హాల్లో స్పీకరుకి వెళ్ళి అతుక్కుంటుంది. కాబట్టి కాగితమే గతి. పప్పుకి నాలుగు విజిల్స్ అంటే ఆరు పేజీలు, అదీ మూడో విజిలుకి ఎవరూ టవల్ అడక్కపోతే.

ఒక్క మాట అడుగుతాను. అదే టీపాయ్ మీద డిటెక్టివ్ నవల ఉంటుంది. ముఖచిత్రం మీద కత్తి, కత్తి మీంచి రక్తం. దానికి ఎవరైనా అట్ట వేశారా? రాత్రి ఎనిమిదింటికి టీవీలో అమ్మాయి వద్దంటున్నా హీరో వెంటపడుతుంటే కుటుంబమంతా కంచాల్లో పెరుగు కలుపుకుంటూ చూస్తుంది. దానికి ఎవరైనా దుప్పటి కప్పారా? ఇష్టపడిన ఇద్దరు మనుషులు ఒకరి తల ఒకరు దువ్వుకునే పేజీకి మాత్రం నువ్వు కావాలి. అవును, నువ్వే. మీరూ గారూ అయిపోయాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో అయిదుగురు కూర్చుని, స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఇష్టపడిన పెద్దవాళ్ళ జోలికి రాకూడదని తేల్చారు. చదవడం అంతకుముందూ నేరం కాదు. ఆ ఏడాది క్యాలెండరులోనూ ఆ తేదీ ఉంది, దాని కింద ఏ తిథి రాశారో గానీ ఆ ముక్క మాత్రం రాయలేదు.

నీ వంశం పెద్దదేలే. 1952లో అమెరికా రచయిత్రి పాట్రిషియా హైస్మిత్ ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమకథ రాస్తే ఆవిడ పేరుకే అట్ట వేశారు, క్లేర్ మోర్గన్ అని. ఇంగ్లీషు రచయిత ఫార్‌స్టర్ ఇద్దరు మగవాళ్ళ ప్రేమ నవల 'మారిస్'ని 1914 నాటికే రాసి సొరుగులో పెట్టాడు. ఆయన పోయిన మరుసటేడు, 1971లో గానీ అది అచ్చు కాలేదు. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ ఇద్దరు ఆడవాళ్ళ గురించి 1942లో రాసిన 'లిహాఫ్' పేరే రజాయి, కప్పుకుని పుట్టిన కథ. అయినా లాహోరు కోర్టుకి లాగారు. ఫలానా మాట బూతు అని నిలబెట్టలేక కేసు పోగొట్టుకున్నారు. మన దగ్గర రేవతి రాసిన 'ఒక హిజ్రా ఆత్మకథ'కి పి. సత్యవతి గారి అనువాదం సాహిత్య అకాడెమీ బహుమతి తెచ్చింది కాబట్టి అది అట్ట లేకుండానే షెల్ఫులో నిలబడుతుంది. కథలకీ నవలలకీ ఇంకా ఆ భాగ్యం రాలేదు.

కోపంలో ఏదో అన్నాను గానీ, కాఫీ గ్లాసు గుండ్రటి మరక, పోపు నూనె చుక్కలు, పసుపు వేళ్ళు అన్నీ మీరే భరించారు. లోపల ముఖచిత్రం మొన్న అచ్చయినట్టుంది. అది కాదనను.

ఇట్లు,
112వ పేజీలో ఆగిపోయిన పాఠకురాలు

తా.క.: గుర్తు కోసం పెట్టిన సూపర్‌మార్కెట్ బిల్లు 112–113 మధ్య ఉంది. పుస్తకం అక్కడే తెరుచుకుంటుంది, మీరు ఆపలేరు. తిరిగొచ్చాక బిల్లు అక్కడే ఉంటే ఎవరూ తెరవలేదని అర్థం. పుస్తకంలో లేకపోతే ఎవరో తెరిచి ఠక్కున మూసేశారని. 118 దాటి ఉంటే మాత్రం పెద్దమ్మగారి కోసం ఇంకో పుస్తకం ఉంది. దానికి సెప్టెంబరు కాగితం తీసి పెట్టాను. వినాయకుడు, బొమ్మ బయటికే.