రెండు కోర్లా, నాలుగు కోర్లా: ఒక ధర్మసందేహం

చవక కంప్యూటర్ ప్రాసెసర్లలో ఇంటెల్ పెంటియమ్ జీ3258 మేలా, ఏఎండీ అథ్లాన్ ఎక్స్4 860కే మేలా అన్న వ్యాజ్యం 2014 నుంచి పెండింగులో ఉంది. రెండింటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మదర్‌బోర్డు మీద అవి కూర్చునే సాకెట్లకూ కాలం చెల్లింది. వాది లేడు, ప్రతివాది లేడు, అయినా వాదనలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఇంతటి నిష్ఠ ఉన్న వ్యాజ్యాన్ని పాతబడిందన్న సాకుతో కొట్టివేయడం న్యాయం కాదు. అందుకే విచారణ బాధ్యత నేను స్వీకరించాను. ఎవరూ అప్పగించలేదు. ఇటువంటి బాధ్యతలు అప్పగిస్తే వచ్చేవి కావు.

ముందుగా పెంటియమ్ వారి వాంగ్మూలం. రెండు కోర్లు (లెక్కలు చేసే బుర్రలు), రెండే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), గడియారం వేగం 3.2 గిగాహెర్ట్జ్, 53 వాట్లు. ఖరీదైన ప్రాసెసర్లకు మాత్రమే తీసే తాళాన్ని ఇంటెల్ ఈ చవక సరుక్కి కూడా తీసి, ఓపిక ఉన్నంతమేర వేగం పెంచుకోండని వదిలేసింది. సందర్భం, పెంటియమ్ పేరుకు ఇరవయ్యేళ్ల పండుగ. ఆ పేరు పుట్టింది 1993లో, పండుగ జరిగింది 2014లో. 1994లోనే భాగహారంలో తప్పు చేసి లోకానికెక్కిన వంశం కనుక కూడికలో ఒక ఏడాది తేడాను ఈ విచారణ క్షమిస్తోంది.

ఇక అథ్లాన్ వారు. నాలుగు కోర్లు, 3.7 గిగాహెర్ట్జ్, ఉత్సాహం వస్తే 4.0, మొత్తం 95 వాట్లు. దీనికీ తాళం లేదు. ఆ మాటకొస్తే లోపల గ్రాఫిక్స్ కూడా లేదు. విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ కనిపించదు. దీన్ని లోపంగా చూడరాదనీ, నిరాడంబరతగా చూడాలనీ అథ్లాన్ పక్షం వాదన.

అసలు చిక్కు ఆ నాలుగు అన్న అంకెలో ఉంది. లోపల ఉన్నవి రెండు మాడ్యూళ్లు, ఒక్కో మాడ్యూల్లో రెండేసి కోర్లు. ఆ రెండు కోర్లకూ దశాంశాల లెక్కలు చేసే యూనిట్ ఒక్కటే, ఎల్2 క్యాష్ (చేతికందే చిన్న మెమరీ) ఒక్కటే. నలుగురు తోడికోడళ్లకు రెండు వంటగదులన్నమాట. మామూలు రోజుల్లో సంసారం సాఫీగానే సాగుతుంది. అందరికీ ఒకేసారి పొయ్యి కావలసి వచ్చినప్పుడే, ఇంట్లో ఉన్నది నలుగురా ఇద్దరా అన్న అనుమానం మొదలవుతుంది. ఇది నేను కల్పించిన అనుమానం కాదు. ఈ అథ్లాన్ పుట్టిన బుల్డోజర్ అనే డిజైన్ వంశానికే చెందిన ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లలో ఎనిమిది కోర్లంటే నిజంగా ఎనిమిదేనా అని 2015లో కాలిఫోర్నియాలో దావా పడింది. 2019లో కోటీ 21 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీ కుదిరింది కనుక కోర్ అంటే ఏమిటో తీర్పు రాలేదు. ఆ విధంగా మన పని మనకే మిగిలింది.

సాక్ష్యాలకు వద్దాం. ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో పెంటియమ్‌దే పైచేయి. గడియారం నెమ్మదైనా ఒక్కో టిక్కుకు అది చేసే పని ఎక్కువ. గిగాహెర్ట్జ్ అంకె చూసి మురిసిపోయిన అథ్లాన్ అభిమానులకు ఇది మింగుడుపడదు. కానీ పెంటియమ్ పక్షం సంబరం ఎంతకాలమో నిలవలేదు. 2014 చివర్లో ఫార్ క్రై 4 ఆట వచ్చింది. రెండే థ్రెడ్లున్న ప్రాసెసర్ మీద అది మొదలే కాలేదు, నల్లటి తెర చూపించి ఊరుకుంది. పెంటియమ్ పక్షం దీన్ని కూడా విజయంగానే లెక్కించవచ్చు. సెకనుకు తెర మీద పడే బొమ్మలు, అంటే ఫ్రేములు, సగటున సున్నా, కనిష్ఠం సున్నా ఫ్రేములు, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. అంతటి నిలకడ అథ్లాన్ ఏనాడూ చూపలేదు.

ఇంతకీ ఈ ప్రాసెసర్లను పరీక్షించే విధానం గురించి చెప్పాలి. అప్పుడే వేసిన విండోస్, యాంటీవైరస్ లేదు, నేపథ్యంలో మరో ప్రోగ్రాం లేదు. పక్కన ఆనాటి మార్కెట్లో దొరికే అత్యంత శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు. కార్డు అడ్డుపడితే ప్రాసెసర్ల మధ్య తేడా తెలియదు కదా అంటారు. శాస్త్రప్రకారం తప్పు పట్టడానికి లేదు. కాకపోతే ప్రాసెసర్ దగ్గర ఆచితూచి ఖర్చుపెట్టిన మనిషి, దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే కార్డును పక్కన ఎందుకు పెడతాడన్నది ఎవరూ అడగరు. అతను పెట్టేది చవక కార్డే. ఆ కార్డుతో రెండు ప్రాసెసర్లూ సమానంగా ఆడతాయి, అంటే సమానంగా కార్డు కోసం ఎదురుచూస్తాయి. ఆ ఫలితంతో గ్రాఫ్ గీస్తే పట్టీలు రెండూ ఒకే పొడవు వస్తాయి, చూసేవాడికి రుచించదు. అందుకే గ్రాఫ్‌ను సున్నా నుంచి కాకుండా తొంభై దగ్గర మొదలుపెట్టే సంప్రదాయం ఏర్పడింది. అప్పుడు తొంభై నాలుగు పక్కన తొంభై ఎనిమిది రెట్టింపు ఎత్తున నిలబడి, ఒక పక్షానికి కన్నీళ్లూ మరో పక్షానికి పూనకమూ తెప్పిస్తుంది. పరీక్షలను జీవితానికి దగ్గరగా తేవడం ఎలాగూ కుదరని పని. కాబట్టి చవక ప్రాసెసర్ కొన్న ప్రతి ఒక్కరూ ఆ మహా కార్డును విధిగా కొనాలనీ, యాంటీవైరస్ తీసేయాలనీ ఈ విచారణ సిఫార్సు చేస్తోంది.

వేగం పెంచే క్రతువు వేరే ఉంది. పెంటియమ్‌ను 4.5 గిగాహెర్ట్జ్ దాకా లాగినవారు కోకొల్లలు. దానికి వేడి తగ్గించే మంచి కూలర్ కావాలి, మంచి బోర్డు కావాలి. ఆ రెండింటి మీద పెట్టిన ఖర్చు ప్రాసెసర్ మీదే పెట్టి ఉంటే అసలు ఈ వ్యాజ్యంలోకే రానక్కరలేదు. కానీ అప్పుడు గెలిచిన తృప్తి ఎక్కడిది?

కూలర్‌ను బిగించడం, ఊడదీయడం కూడా ఈ పోటీలో ఒక అంశంగా చేర్చాలని నా అభిప్రాయం. ఇంటెల్ కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. మూడు టక్కున దిగుతాయి. నాలుగోది దిగినట్టే కనిపిస్తుంది, వేలితో కదిపితే పైకి లేస్తుంది, దాన్ని మళ్లీ నొక్కితే ఎదురు మూలది ఊడుతుంది. బోర్డు వంగుతున్న చప్పుడు విననట్టు నటించాలి. అథ్లాన్‌ది మరో తీరు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి ఎండి గట్టిపడి ఉంటుంది. కూలర్‌ను పైకి లాగగానే, సాకెట్ లివర్ బిగించే ఉన్నా ప్రాసెసర్ దానికి అతుక్కుని వచ్చేస్తుంది. కాళ్లన్నీ దాని కిందే ఉంటాయి కనుక అంచున నాలుగైదు ఒరిగిపోతాయి. అప్పుడు సన్నటి బ్లేడు అంచుతో, ఊపిరి బిగబట్టి ఒక్కో కాలినీ నిలబెట్టాలి. పెంటియమ్‌కు ఆ బెడద లేదు. దాని పిన్నులు బోర్డు మీదుంటాయి, వంగితే బోర్డే పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఈ కంప్యూటర్లను ఇప్పటికీ వాడుతున్నవారి గదిలోకి తొంగిచూస్తే, కేసు ముందున్న చిన్న ఎర్ర దీపం ఆగకుండా మినుకుమినుకుమంటూ ఉంటుంది. అది హార్డ్ డిస్కు దీపం. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు నూటికి నూరు శాతం, ప్రాసెసర్ పదిలోపు. నాలుగు గిగాబైట్ల ర్యామ్ చాలక విండోస్ తన సామానంతా డిస్కు మీదికి మోసి, మళ్లీ వెనక్కి మోస్తూ ఉంటుంది. రెండు కోర్లైనా నాలుగు కోర్లైనా చేతులు కట్టుకుని అది ముగిసేదాకా నిలబడవలసిందే. ఆ డిస్కు బదులు చిప్పులతో నడిచే ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టి, ర్యామ్ రెట్టింపు చేస్తే ఏ పక్షం కంప్యూటరైనా లేచి పరుగెడుతుంది. ఈ ముక్క సభలో పొరపాటున నోరు జారినవారిపై ఇరుపక్షాలూ ఏకమై విరుచుకుపడతాయి. పదేళ్లలో వారు ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం బహుశా ఇదొక్కటే.

2018లో మెల్ట్‌డౌన్ భద్రతా లోపం బయటపడినప్పుడు అది ఇంటెల్‌కు తగిలింది, ఏఎండీకి తగలలేదు. అథ్లాన్ పక్షం పండుగ చేసుకుంది. దానితోపాటే బయటపడిన స్పెక్టర్ అనే లోపం ఇద్దరికీ తగిలింది, దాని గురించి అంతగా మాట్లాడుకోలేదు. చివరికి సమదృష్టి చూపింది మైక్రోసాఫ్ట్ ఒక్కటే. విండోస్ 11 జాబితాలో రెండింటికీ చోటివ్వలేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు కూడా ముగించింది.

ఇక తీర్పు. ఎవరి బల్ల కింద ఏ ప్రాసెసర్ ఉంటే అక్కడ అదే విజేత. కుందేలుకు ఎన్ని కాళ్లో పట్టుకున్నవారే నిర్ణయించుకోవచ్చు. అప్పీలుకు అవకాశం లేదు, ఎందుకంటే తర్వాతి వ్యాజ్యం అప్పుడే గుమ్మంలో ఉంది: ఇంటెల్ కోర్ ఐ3-8100కూ ఏఎండీ రైజెన్ 3 2200జీకీ మధ్య. అందులో ఒకదానికి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. రెండోదానికీ నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లే. మరి తగవెక్కడ అని అడిగేవారు ఈ రంగానికి కొత్తవారై ఉండాలి.